ఇంటరాక్టివ్ ప్యానెల్, ఫెట్ సిమ్యులేషన్లు: కొన్నేళ్లు వాడాక

ఫిజిక్స్ టీచర్‌ని. "ఇంటరాక్టివ్ ప్యానెల్ (వేలితో ముట్టుకుని నడిపే పెద్ద తెర) కొనొచ్చా?" అని తోటి టీచర్లు అడిగితే ముందు సిలబస్ తీయమంటాను. మా దగ్గర మొదటి ఏడాదంతా దాని మీద జరిగింది బోర్డు పనే: పీడీఎఫ్ తెరవడం, అక్షరాలు పెద్దవి చేయడం, కింద గీతలు గీయడం. సుద్దముక్కతో అయ్యే పనికి అంత తెర ఎందుకు?

పాఠ్యప్రణాళిక సమీక్షకు కూర్చున్నాకే దారి దొరికింది. ఒక్కో యూనిట్ ముందు పెట్టుకుని ఒకటే అడిగాం: కంటికి కనపడకపోవడం వల్ల పిల్లలకు ఎక్కనిది ఇందులో ఏముంది? చాలా యూనిట్లలో అలాంటిదేమీ లేదు, వాటిని మామూలుగానే చెబుతున్నాం. విద్యుత్తు, ప్రక్షేపకాలు (విసిరిన వస్తువుల కదలిక), వాయు అణువుల కదలిక లాంటివి మాత్రం మిగిలాయి. వీటికి ఫెట్ (PhET) వాడుతున్నాను, అంటే తెర మీదే ప్రయోగం చేసి చూసే సిమ్యులేషన్లు. 2001లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్నవారిలో ఒకరైన కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. ఉచితం. బ్రౌజర్‌లో నడిచే హెచ్‌టీఎంఎల్5 సిమ్యులేషన్ని ఫైలుగా దింపి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే నెట్ లేకున్నా నడుస్తుంది. పాత లెసన్ ప్లాన్లలో ఫ్లాష్ అనే పాత సాఫ్ట్‌వేర్‌తో నడిచేవి ఉంటే మార్చుకోవాలి. ఫ్లాష్‌కి 2020 చివరితోనే అడోబ్ మద్దతు ఆగిపోయింది.

ఫెట్‌లో ఎక్కువగా పనికొచ్చింది సర్క్యూట్ల కిట్ అనే సిమ్యులేషన్. బల్బు కరెంటును కొంత తినేస్తుందని పిల్లలకు గట్టి నమ్మకం. అందుకే 9 వోల్టుల బ్యాటరీ, 10 ఓమ్‌ల బల్బు పెట్టి, అమ్మీటర్ ముట్టుకోకముందే "బల్బుకు ముందు ఎంత, తర్వాత ఎంత?" అని నోట్‌బుక్‌లో రాయిస్తాను. రెండు చోట్లా 0.9 ఆంపియర్లే వస్తే గోల మొదలవుతుంది. ఇంకో బల్బు శ్రేణిలో కలిపితే 0.45, సమాంతరంగా కలిపితే బ్యాటరీ నుంచి 1.8. ఊహ రాయించకుండా చూపిస్తే మాత్రం సినిమా చూసినట్టు చూసి ఊరుకుంటారు.

కానీ తెర మీద వైరు ఊడదు, సెల్ నీరసించదు. కాబట్టి ఆ వారంలోనే ల్యాబ్‌లో నిజం బల్బులతో చేయిస్తాను. అక్కడ రెండో బల్బు సమాంతరంగా పెట్టగానే మొదటిది కాస్త మసకబారుతుంది. "సార్, తెర మీద ఇలా అవలేదే!" ఈ మాట కోసమే నేను ఎదురుచూస్తాను. మళ్లీ సిమ్యులేషన్‌కు వచ్చి బ్యాటరీ అంతర్నిరోధం (బ్యాటరీ లోపలే ఉండే నిరోధం) స్లైడర్ కొద్దిగా పెంచితే అక్కడా మసకబారుతుంది. ఈ రాకపోకలు లేకపోతే ఈ పాఠానికి ప్యానెల్ దండగ.

దీనికి పీరియడ్లు ఎక్కడివి? సమీక్షలో అసలు వాదన ఇక్కడే జరిగింది. రెండు తరగతుల్లో మళ్లీ మళ్లీ వచ్చే నిర్వచనాలు ఒకచోటికి తెచ్చాం. ప్రశ్నజవాబులు డిక్టేట్ చేయడం మానేశాం. దీనికి కొందరు ఇప్పటికీ ఒప్పుకోరు. పరీక్ష ప్రశ్నలు మారనంత కాలం వాళ్ల భయంలో అర్థం ఉంది, అందుకే యూనిట్ టెస్టులో ఒక ప్రశ్నైనా "రీడింగ్ ఎంత వస్తుంది, ఎందుకు?" అన్న రకంది పెడుతున్నాం.

లెక్కల టీచర్లు గ్రాఫులు గీసే జియోజెబ్రా సాఫ్ట్‌వేర్ వాడతారు. స్లైడర్ జరిపితే గ్రాఫ్ ఎలా వంగుతుందో చూపించడానికి అంతకన్నా సులువైనది నేను చూడలేదు.

ప్యానెల్ సంగతికొస్తే, మాది ఇన్‌ఫ్రారెడ్ టచ్. తెర ముందు పోయే, కంటికి కనపడని కిరణాలకు ఏది అడ్డొచ్చినా వేలే అనుకుంటుంది, చొక్కా చేతి అంచు తగిలినా గీత పడుతుంది. కిటికీ ఎండ నేరుగా పడితే టచ్ తిక్కతిక్కగా చేస్తుంది, ఫ్రేమ్ అంచులో దుమ్ము పేరుకున్నా అంతే, పొడిగుడ్డతో తుడుస్తూ ఉండాలి. పెద్ద చిక్కు వేరే ఉంది: ఒకరు ముట్టుకుంటుంటే మిగతా అందరూ చూస్తూ కూర్చోవాలి. అందుకే ప్యానెల్ మీద ప్రశ్న వేయడం వరకే. చేసి చూడటం కంప్యూటర్ ల్యాబ్‌లో, ఇద్దరికో సిస్టమ్ మీద.

ప్యానెల్‌తో అంటగట్టిన రెడీమేడ్ వీడియోల సబ్‌స్క్రిప్షన్ మేం పొడిగించలేదు. మా సిలబస్ వరసకు అవి కుదరలేదు, కావాలని అడిగినవాళ్లూ లేరు. ఆ డబ్బుతో ల్యాబ్‌కు అమ్మీటర్లు, సెల్‌లు కొన్నాం.