కాకినాడా, భీమిలా, చీరాలా? లాప్‌టాప్‌తో సముద్రం పక్కకి మారేవాళ్లకి ఏది మేలు?

హైదరాబాద్ కొండాపూర్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌కి కట్టే అద్దెతో కాకినాడలో మూడు బెడ్‌రూముల ఇల్లు తీసుకుని, నెట్ బిల్లూ కరెంటు బిల్లూ కట్టేశాక కూడా చేతిలో ఎంతో కొంత మిగులుతుంది. 2020 లాక్‌డౌన్‌లో సొంతూళ్లకి వచ్చి పడిన మన ఐటీ జనానికి ఈ లెక్క అప్పుడే తెలిసిపోయింది. అదే ఏడాది నవంబర్‌లో కేంద్రం టెలికాం నిబంధనలు సడలించడంతో బీపీఓల్లాంటి వాటిలో పనిచేసేవాళ్లకి కూడా దేశంలో ఎక్కడినుంచైనా పనిచేసే వీలొచ్చింది. తర్వాత కథ తెలిసిందే, కంపెనీలు ఒక్కొక్కటే వెనక్కి పిలిచాయి, టీసీఎస్ అయితే 2023 అక్టోబర్ నుంచి వారానికి ఐదు రోజులూ రావాల్సిందే అంది. అయినా పూర్తి రిమోట్ వాళ్లు, అమెరికా క్లయింట్లకి ఫ్రీలాన్స్ చేసేవాళ్లు, నెలకి ఒకటి రెండుసార్లు మొహం చూపిస్తే సరిపోయే టీముల వాళ్లు ఇంకా బాగానే ఉన్నారు. వాళ్లలో సముద్రం మీద మోజున్నవాళ్లు నన్ను అడిగేది ఎక్కువగా ఈ మూడు ఊళ్ల గురించే.

నేను ఉండేది కాకినాడలో, కాబట్టి నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తున్నా. మూడు చోట్లా ఉన్నది అదే బంగాళాఖాతం, సముద్రాన్ని చూసి ఊరు ఎంచుకుంటే మొదటి నెల బాగుంటుంది, అంతే. ఆఫీసు వాళ్లు రేపు రమ్మంటే ఎలా వెళ్తారు, తుఫాను వచ్చిన వారం పని ఎలా నడుస్తుంది, అర్ధరాత్రి నాన్నకి గుండెల్లో నొప్పి అంటే ఎక్కడికి పరిగెత్తాలి, ఈ మూడింటికీ జవాబు దొరికాక బీచ్ సంగతి చూడొచ్చు.

అందం మాటకొస్తే భీమిలిదే పైచేయి, అందులో వాదన లేదు. వైజాగ్ నుంచి బీచ్ రోడ్డు మీద వస్తుంటే ఒకపక్క తొట్లకొండ, ఇంకోపక్క సముద్రం, దారిలో ఎర్రమట్టి దిబ్బలు, చివర గోస్తని నది కలిసే చోట ఊరు, డచ్చివాళ్ల సమాధులు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు ఇప్పుడు జీవీఎంసీలో, అంటే విశాఖ కార్పొరేషన్‌లో, ఒక భాగం. కాకపోతే నాకు భీమిలిలో నచ్చేది ఇదేమీ కాదు, పక్కనే వైజాగ్ ఉండటం. మీ రిమోట్ ఉద్యోగం ఊడినా, మేనేజర్ మారి ఆఫీసుకి రమ్మన్నా, ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి గంట దూరంలో ఒక మార్కెట్ ఉంది. ఇన్ఫోసిస్ 2023 అక్టోబర్‌లో రుషికొండలో ఆఫీసు తెరిచింది, 2025 అక్టోబర్‌లో గూగుల్ డేటా సెంటర్ కోసం ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతానని వైజాగ్ పేరే చెప్పింది. ఈ ధీమా కాకినాడలో లేదు, చీరాలలో అసలే లేదు.

కానీ ఆ వార్తలు భూమి అమ్మేవాళ్లూ చదువుతారుగా. భోగాపురం ఎయిర్‌పోర్ట్ పేరుతో ఒకసారి, డేటా సెంటర్ పేరుతో ఇంకోసారి ఆ రోడ్డు మీద రేట్లు పెంచుతూనే ఉన్నారు. సీ వ్యూ అన్న రెండు ముక్కలకి అద్దెలో వేరే రేటు. పైగా ఆ సీ వ్యూ వెంట ఉప్పుగాలి ఉచితం. సముద్రానికి ఎదురుగా ఉన్న ఏ ఇంటికైనా వెళ్లి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ దగ్గర నిలబడి చూడండి, వెనక సన్నటి రేకులు వేలితో తాకితే పొడి రాలుతుంది, గేటు బందులు చేత్తో ఎత్తితే గానీ తెరుచుకోవు, లాప్‌టాప్ చార్జర్ పిన్ను కూడా ఆకుపచ్చగా చిలుము పడుతుంది. బాల్కనీలో కూర్చుని కోడ్ రాయాలన్న సరదా ఉక్కపోతకి పదిరోజుల్లో తీరిపోయి తలుపులు బిగించి ఏసీలోనే కూర్చుంటారు, ఆ మాత్రానికి సీ వ్యూ అద్దె ఎందుకు?

కాకినాడలో ఆ బెడద తక్కువ, ఎందుకంటే ఊళ్లో ఉంటే సముద్రం కనపడదు. బీచ్‌కి వెళ్లాలంటే బండి తీయాలి. ఎదురుగా హోప్ ఐలాండ్ అడ్డం ఉంది కాబట్టి పోర్టు వైపు నీళ్లు చెరువులా ఉంటాయి, వైజాగ్ కెరటాలు చూసినవాళ్లకి ఇదేం సముద్రం అనిపిస్తుంది. అదే ఉత్తరంగా ఉప్పాడ వైపు వెళ్తే సముద్రం ఊరినే కోసుకు తింటోంది, గట్టి తుఫాను వస్తే బీచ్ రోడ్డు తెగుతుంది. అందుకే బీచ్ దగ్గర ఇల్లు అనే ఆలోచన కాకినాడలో పెట్టుకోవద్దు, భానుగుడి సెంటర్ చుట్టుపక్కలో, రమణయ్యపేట వైపో చూడండి.

పని సంగతి. నెట్ స్పీడ్ ఎక్కడా సమస్య కాదు, 2017లో ఏపీ ఫైబర్‌నెట్ మొదలైన దగ్గర్నుంచి పల్లెల్లో కూడా ఫైబర్ ఉంది. సమస్య తీగ తెగడం. ఇంటి ముందు స్తంభం చూడండి, కరెంటు తీగల కింద నాలుగైదు కంపెనీల కేబుళ్లు ఒకే చుట్టగా వేలాడుతుంటాయి, ఎత్తుగా గడ్డి వేసుకొచ్చిన లారీ తగిలినా, వినాయకుడి ఊరేగింపు వెళ్లినా అన్నీ కలిసే తెగుతాయి. అందుకని రెండు కనెక్షన్లు తీసుకున్నా రెండూ ఒకే స్తంభం మీద వస్తే దండగ, రెండోది సిమ్ మీద నడిచేది ఉండాలి. నాకు ఒకసారి సాఫ్ట్‌వేర్ రిలీజ్ రోజున నెట్ పోతే, ఆ కంపెనీ కుర్రాడు "సాయంత్రానికల్లా వచ్చేత్తాదండి" అన్నాడు. ఏ రోజు సాయంత్రమో చెప్పలేదు. ఇన్వర్టర్ బ్యాటరీ పెద్దది పెట్టించుకోండి, అందులో పిసినారితనం వద్దు.

రాకపోకల్లో కాకినాడ మధ్యస్థం. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కితే పొద్దున్నే లింగంపల్లిలో దిగి నేరుగా ఆఫీసుకి పోవచ్చు. మెయిన్ లైన్ మాత్రం ఊళ్లోకి రాదు, చాలా బళ్లకి సామర్లకోట వెళ్లాల్సిందే. ఫ్లైట్‌కి రాజమండ్రి దగ్గర మధురపూడి దాకా పోవాలి. ఆస్పత్రుల్లో కాకినాడ నయం, రంగరాయ మెడికల్ కాలేజీ ఉన్న ఊరు కాబట్టి పెద్దాసుపత్రితో పాటు స్పెషలిస్టు డాక్టర్లు ఊళ్లోనే దొరుకుతారు. భీమిలిలో ఉంటే పెద్ద కష్టానికి వైజాగే గతి, అర్ధరాత్రి ఆ దూరం చిన్నదేం కాదు. తిండికి లోటే లేదు, కాకపోతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలు సముద్రం పక్కనే ఉండి వంజరం ధర విని చికెన్ తెచ్చుకుంటాం.

చీరాల గురించి ఎక్కువ చెప్పను. అద్దె మూడింట్లో తక్కువ, వాడరేవు బీచ్ ఊరికి దగ్గర, రామాపురం వైపు శని, ఆదివారాల్లో రిసార్టుల జనం తప్ప మిగతా రోజుల్లో ప్రశాంతం. 1921లో మున్సిపాలిటీ పన్ను కట్టేది లేదని ఊరు ఊరంతా ఖాళీ చేసి బయట గుడిసెలు వేసుకుని ఉన్న జనం వీళ్లు, ఇప్పుడు అద్దె తక్కువని బయటవాళ్లు వెతుక్కుంటూ రావడం చూస్తే నవ్వొస్తుంది. విజయవాడ-చెన్నై మెయిన్ లైన్ మీద ఉంది, చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఆగుతుంది, మూడింట్లో హైదరాబాద్‌కి దగ్గర ఇదే. చెన్నై ఆఫీసు వాళ్లకైతే కళ్లుమూసుకుని ఇదే చెప్తాను. కానీ పెద్ద జబ్బుకి గుంటూరో ఒంగోలో పోవాలి, రాత్రి షిఫ్ట్ మధ్యలో ఆకలేస్తే ఇంట్లో ఉన్నదే దిక్కు.

తుఫాను ఎవర్నీ వదల్లేదు. 1996 నవంబర్‌లో కాకినాడ, కోనసీమ వైపు, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వైజాగ్ మీద, 2023 డిసెంబర్‌లో మిచాంగ్ బాపట్ల దగ్గర. హుద్‌హుద్ తర్వాత వైజాగ్‌లో రోజుల తరబడి కరెంటూ లేదు, ఫోన్లూ లేవు. ఆ వారానికి లాప్‌టాప్ పట్టుకుని ఏ చుట్టాలింటికి పోతారో ముందే అనుకోండి, క్లయింట్‌కి కూడా ముందే చెప్పి పెట్టండి.

ఇంకో మాట, సొంతూరికి దగ్గరగా ఉంటే పని గంటలు ఎవరికీ పట్టవు. "ఇంట్లోనే ఉంటున్నావుగా, పిన్నిని బ్యాంకు దాకా దింపిరా" అనేది సరిగ్గా మీ స్టాండప్ (రోజూ జరిగే టీమ్ మీటింగ్) టైమ్‌కే వస్తుంది. పెళ్లి కాని కుర్రాళ్లకి ఇంకో టెన్షన్, జీతం ఎంతని చెప్పినా "మరి ఆఫీసు లేదంట కదండీ" అని అమ్మాయి తరఫు వాళ్లు నసుగుతారు. చిన్న ఊళ్లలో కూడా కో-వర్కింగ్ చోట్లు (ఎవరైనా వచ్చి పనిచేసుకునే ఉమ్మడి ఆఫీసులు) పెడతామని 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు చెప్పారు, ఆడవాళ్లకి వర్క్ ఫ్రమ్ హోమ్ పెంచాలన్న ఉద్దేశం కూడా అందులో ఉంది. మంచిదే, కానీ అది వస్తుందని నమ్ముకుని ఇప్పుడు ఇల్లు తీసుకోకండి.

పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న ఇల్లయితే కాకినాడ. ఒంటరిగా ఉండి, ఉద్యోగం ఏడాదిలో మారొచ్చు అనుకునేవాళ్లకి భీమిలి, అదీ సముద్రానికి కాస్త వెనక వీధుల్లో. నెలకి రెండుసార్లు హైదరాబాద్ పోవాలి, మిగతా రోజుల్లో మనుషుల్ని పెద్దగా చూడకపోయినా ఫర్వాలేదు అంటే చీరాల. ఇల్లు చూడటానికి మాత్రం జనవరిలో వెళ్లకండి, అప్పుడు మూడు ఊళ్లూ బాగుంటాయి. అక్టోబర్ చివర్లో, వాన పడుతున్నప్పుడు వెళ్లండి, కిందటి తుఫానుకి కరెంటు ఎన్ని రోజులు లేదో ఓనర్‌ని కాకుండా పక్కింటివాళ్లని అడగండి.