స్పెక్ షీట్ నమ్మాలా, కొలిచి చూడాలా? స్కార్లెట్ 2ఐ2 థర్డ్ జెన్, ఫోర్త్ జెన్ పక్కపక్కన

ఇంట్లో పాటలు రికార్డు చేసుకునేవాళ్లు, యూట్యూబ్‌కి వాయిస్ ఓవర్ చెప్పేవాళ్లు యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) కొనేముందు రెండు స్పెక్ షీట్లు తెరిచి ఏ అంకె పెద్దదో చూసి తేల్చేస్తుంటారు. ఫోకస్‌రైట్ కంపెనీ స్కార్లెట్ 2ఐ2లో థర్డ్ జెన్ (మూడో తరం) సెకండ్ హ్యాండ్‌లో తక్కువకి దొరుకుతుంది, 2023లో వచ్చిన ఫోర్త్ జెన్ కొత్తది కొంటే ఖరీదెక్కువ. ఈ రెండిట్లో ఏది మేలు అన్నది స్పెక్ షీట్ చూసి తేలుతుందా, కొలిస్తేనే తేలుతుందా? నా మాట ముందే చెప్పేస్తాను. ఎంత సిగ్నల్ తట్టుకుంటుంది, ఎంత గెయిన్ ఇస్తుంది (సిగ్నల్‌ని ఎంత పెంచుతుంది) అన్న విషయాల్లో కంపెనీ అంకెల్ని నమ్మండి. నాయిస్, లేటెన్సీ (పాడినది తిరిగి చెవికి చేరే ఆలస్యం) విషయాల్లో మాత్రం మీ గదిలో, మీ లాప్‌టాప్‌తో కొలిచిందే నమ్మండి.

అందరి కళ్లూ ముందు పడేది ఈఐఎన్ మీద. మైక్ సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్ తన సొంతంగా కలిపే హిస్ (బుస లాంటి సన్నటి మోత) ఎంతో చెప్పే లెక్క ఇది, మైనస్‌లో ఎంత కిందికి ఉంటే అంత మంచిది. థర్డ్ జెన్‌కి మైనస్ 128 డీబీయూ (సిగ్నల్ వోల్టేజీని డెసిబెల్స్‌లో చెప్పే కొలత), ఫోర్త్ జెన్‌కి మైనస్ 127, రెండూ ఏ-వెయిటెడ్, అంటే చెవికి వినిపించే తీరుని బట్టి సర్దిన అంకెలు. చూడగానే పాతదే మెరుగు కదా అనిపిస్తుంది. కానీ ఇక్కడ కిందికి దిగడానికి పెద్దగా చోటే లేదు. 150 ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కటి, దాని వెనక ఏ సర్క్యూటూ లేకపోయినా, మామూలు గది ఉష్ణోగ్రత దగ్గరే 20 కిలోహెర్ట్జ్ పరిధిలో 0.22 మైక్రోవోల్ట్‌ల నాయిస్ పుట్టిస్తుంది, అంటే దాదాపు మైనస్ 131 డీబీయూ. ఏ-వెయిటింగ్ వేస్తే ఇంకో 2 డీబీ కిందికి కనిపిస్తుంది. కాబట్టి ఎక్కడైనా వెయిటింగ్ లేకుండా మైనస్ 133 అని కనిపిస్తే, అది ఇన్‌పుట్‌ని షార్ట్ చేసి కొలిచినదై ఉండాలి, 150 ఓమ్‌లతో ఆ అంకె రాదు. ఒక షీట్‌లో ఏ-వెయిటెడ్, ఇంకో షీట్‌లో వెయిటింగ్ లేనిది ఉంటే వాటిని పక్కన పెట్టి పోల్చడంలో అర్థమే లేదు.

ఆ 1 డీబీ మన రికార్డింగ్‌లో వినిపిస్తుందా? షూర్ ఎస్ఎం7బీ తీసుకుందాం, గెయిన్ బాగా అడిగే మైక్ అది. 94 డీబీ శబ్దానికి అది ఇచ్చేది మైనస్ 59 డీబీవీ (వోల్టేజీకే ఇంకో కొలత), అంటే దాదాపు మైనస్ 57 డీబీయూ. జానెడు దూరంలో మామూలుగా మాట్లాడితే మైక్ దగ్గర 80 డీబీ అనుకోండి, సిగ్నల్ మైనస్ 71కి పడుతుంది. అప్పుడు ప్రీయాంప్ హిస్ మీ గొంతు కంటే థర్డ్ జెన్‌లో 57 డీబీ కింద, ఫోర్త్ జెన్‌లో 56 డీబీ కింద ఉంటుంది. ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసిన గదిలో కూడా 35 డీబీ శబ్దం ఉంటే అది మీ గొంతుకి 45 డీబీ కిందే ఉంది. అంటే రెండు ప్రీయాంప్‌ల కంటే మీ గదే 10 డీబీకి పైగా గోల చేస్తోంది, ఇక ఫ్యాన్ వేస్తే చెప్పనక్కర్లేదు. ఈఐఎన్‌లో 1 డీబీ కోసం వేలు పోసేవాళ్లు ఆ డబ్బుతో గదికి మందపాటి కర్టెన్లు కొంటే నాకు ఎక్కువ సంతోషం.

ఇప్పుడు గెయిన్. థర్డ్ జెన్‌కి 56 డీబీ, ఫోర్త్ జెన్‌కి 69 డీబీ. ఎస్ఎం7బీకి కనీసం 60 కావాలని షూరే చెప్తుంది కాబట్టి థర్డ్ జెన్ పనికిరాదని చాలామంది కొట్టిపారేస్తారు. ఈ 13 డీబీ తేడా నిజమే, కానీ అదంతా పై వైపు లేదు. గెయిన్ పూర్తిగా తగ్గించినప్పుడు థర్డ్ జెన్ మైక్ ఇన్‌పుట్ 9 డీబీయూ దాకా తట్టుకుంటుంది, ఫోర్త్ జెన్ 16 దాకా. ఇందులోంచి గెయిన్ తీసేయండి: నాబ్ చివరిదాకా తిప్పితే థర్డ్ జెన్‌లో మైనస్ 47 డీబీయూ సిగ్నల్‌కే మీటర్ నిండుతుంది, ఫోర్త్ జెన్‌లో మైనస్ 53కి. అంటే సన్నటి గొంతుల కోసం అదనంగా దొరికింది 6 డీబీయే, మిగతా 7 డీబీ పెద్ద శబ్దాల వైపు వెళ్లింది. పైన చెప్పిన మైనస్ 71 గొంతు థర్డ్ జెన్‌లో మైనస్ 24 డీబీఎఫ్ఎస్ (మీటర్ నిండే చోటుని 0 అనుకుని కిందికి లెక్క) దగ్గర రికార్డవుతుంది. 24 బిట్‌లో ఆ లెవెల్‌కి ఏ ఇబ్బందీ లేదు, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పెంచుకుంటే గొంతూ హిస్సూ కలిసే పెరుగుతాయి, ప్రీయాంప్‌లో పెంచినా జరిగేది అదే. ఇదంతా స్పెక్ షీట్‌లోంచే దొరికింది, కొలవనక్కర్లేదు, రెండు అంకెల్ని కలిపి చదివితే చాలు.

ఇదే లెక్కతో ఇంకో సంగతి కూడా తేలుతుంది. ఎవరైనా ఫోర్త్ జెన్ నాబ్ చివరిదాకా తిప్పి, పాతదాని కంటే హిస్ ఎక్కువగా ఉందని అంటే, అది ఉండాల్సిందే. మైనస్ 53 దగ్గర నిండే మీటర్‌లో మైనస్ 127 నాయిస్ మైనస్ 74 డీబీఎఫ్ఎస్ దగ్గర కనిపిస్తుంది, థర్డ్ జెన్‌లో మైనస్ 81 దగ్గర. ఆ 7 డీబీలో 6 కేవలం గెయిన్. ఒకే గొంతుని ఒకే లెవెల్‌కి తెచ్చి వింటే మిగిలేది 1 డీబీ.

కొలవాలంటే ఖర్చు పెద్దగా లేదు. మైక్ కేబుల్‌కి ఉండే ఎక్స్ఎల్ఆర్ ప్లగ్ ఒకదాంట్లో రెండో పిన్నుకీ మూడో పిన్నుకీ మధ్య 150 ఓమ్‌ల రెసిస్టర్ అతికించి, ఫాంటమ్ పవర్ (కొన్ని మైకులకి ఇంటర్‌ఫేస్ పంపే కరెంటు) ఆపి, గెయిన్ పూర్తిగా పెట్టి రికార్డు చేస్తే చాలు, పైన చెప్పిన మైనస్ 81, మైనస్ 74 అంకెలు వస్తున్నాయో లేదో చూడొచ్చు. ఒకటి గుర్తుంచుకోండి, కొన్ని మీటర్లు ఫుల్ స్కేల్ సైన్ వేవ్‌ని 0 అంటాయి, కొన్ని మైనస్ 3 అంటాయి. దీనికి ఏ-వెయిటింగ్ వేయని 2 డీబీ కూడా కలిస్తే ఎవరూ అబద్ధం చెప్పకుండానే 5 డీబీ దాకా తేడా పుట్టుకొస్తుంది. కంపెనీ మోసం చేసిందని రాసేముందు ఈ రెండూ సరిచూసుకోవాలి.

లూప్‌బ్యాక్ కొలతలోనూ ఇలాంటి తికమకే ఉంది. అవుట్‌పుట్‌ని కేబుల్‌తో లైన్ ఇన్‌పుట్‌కి కలిపి, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌తో కొలుస్తాం. థర్డ్ జెన్ లైన్ అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ (అతిపెద్ద సిగ్నల్‌కీ నాయిస్‌కీ మధ్య దూరం) 108.5 డీబీ, లైన్ ఇన్‌పుట్ 110.5. రెండూ కలిసి కొలతలోకి వస్తాయి కాబట్టి మీకు కనిపించాల్సింది 106 చిల్లర, 108.5 కాదు. పైగా అవుట్‌పుట్ 15.5 డీబీయూ దాకా ఇస్తుంది, లైన్ ఇన్‌పుట్ 22 దాకా తీసుకుంటుంది, కాబట్టి గెయిన్ 6.5 డీబీ పెంచకపోతే అంకె ఇంకా కొంత పడిపోతుంది. ఫోర్త్ జెన్ అవుట్‌పుట్‌కి 120 డీబీ అని రాశారు, దాన్ని అంతకంటే బలహీనమైన ఇన్‌పుట్‌తో కొలిస్తే ఆ 120 ఎప్పటికీ కనిపించదు. అంత సన్నని కొలతకి ల్యాబుల్లో ఉండే ఆడియో ప్రెసిషన్ లాంటి యంత్రమే కావాలి.

మరి సొంత కొలత దేనికంటే, ఏ షీట్‌లోనూ రాయనివి దొరకడానికి. స్పెక్ట్రమ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే గ్రాఫ్) 50 హెర్ట్జ్ దగ్గర, 100, 150 దగ్గర ముళ్లలా లేచాయంటే అది కరెంటు. మన ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉన్నా వెనక ఎర్తింగ్ లేనివి చాలా ఉంటాయి. చార్జర్ తీసి బ్యాటరీ మీద మళ్లీ కొలవండి, ముళ్లు పోతే తప్పు ఇంటర్‌ఫేస్‌ది కాదు. 1 కిలోహెర్ట్జ్ దగ్గరా 8 కిలోహెర్ట్జ్ దగ్గరా సన్నటి కూత ఉంటే యూఎస్‌బీని అనుమానించాలి, డేటా మిల్లీసెకనుకోసారి, హై స్పీడ్‌లో 125 మైక్రోసెకన్లకోసారి ప్యాకెట్లుగా పోతుంది కాబట్టి ఆ లయే శబ్దంగా లీకవుతుంది. మైనస్ 128 కంటే ఈ కూత మీ పాటని ఎక్కువ పాడు చేస్తుంది, ఎందుకంటే హిస్‌ని చెవి మర్చిపోతుంది, కూతని మర్చిపోదు. రెండు జెన్‌లూ యూఎస్‌బీ నుంచే పవర్ తీసుకుంటాయి కాబట్టి ఈ పరీక్ష రెండిటికీ తప్పదు. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు లాప్‌టాప్ పట్టుకెళ్లి అక్కడే చేయాలి.

లేటెన్సీ సంగతి క్లుప్తంగా చెప్తాను. మోటూ ఎం2 లాంటి వేరే ఇంటర్‌ఫేస్‌లకి 2.5 మిల్లీసెకన్లు అని రాస్తారు, అది 96 కిలోహెర్ట్జ్‌లో 32 శాంపిళ్ల బఫర్‌తో (కంప్యూటర్ ఒక్కోసారి పోగేసి పంపే శబ్దం ముక్క). మీరు 48 కిలోహెర్ట్జ్‌లో 256 పెట్టి పాడితే రానూ పోనూ బఫర్లకే 10 మిల్లీసెకన్లు దాటిపోతుంది. మీ సిస్టమ్ పటపటలు లేకుండా ఎంత చిన్న బఫర్‌ని మోస్తుందో అదే మీ అసలు స్పెక్.

ఇంతకీ ఏది కొనాలి? గొంతు, వాయిస్ ఓవర్, పాడ్‌కాస్ట్ అయితే థర్డ్ జెన్ సెకండ్ హ్యాండ్ తీసుకోండి, కూత పరీక్ష పాసైతే కొత్తదానికి డబ్బు పెట్టాల్సిన పనిలేదు. డప్పు, డోలు శబ్దాన్ని దగ్గరగా పెట్టిన కండెన్సర్ మైక్‌తో పట్టాలంటే ఫోర్త్ జెన్. రోడ్ ఎన్‌టీ1 లాంటి మైక్ 94 డీబీకి మైనస్ 29 డీబీవీ ఇస్తుంది, 130 డీబీ దెబ్బకి అది 9 డీబీయూ దాటుతుంది, సరిగ్గా థర్డ్ జెన్ చేతులెత్తేసే చోటు. ఫోర్త్ జెన్‌కి అక్కడ ఇంకో 7 డీబీ చోటుంది.