మూగ్ శబ్దాలు: ఎల్పీ మీదా, ఫోన్‌లోనా?

అహ్మదాబాద్‌లోని డిజైన్ విద్యాసంస్థ ఎన్‌ఐడీలో 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజర్‌తో (కరెంటుతో శబ్దాలు పుట్టించే వాయిద్యం) స్టూడియో ఏర్పాటు చేశారు. అక్కడ సంగీతకారిణి గీతా సారాభాయ్ లాంటివాళ్లు చేసిన ప్రయోగాల టేపులు 2023లో ఎల్పీ (ముల్లుతో వినే పెద్ద రికార్డు)గానూ, డిజిటల్‌గానూ విడుదలయ్యాయి. అమలాపురంలో మా ఇంట్లో రెండు రకాలుగానూ విన్నాను.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్‌లో వింటే టేపు సన్నటి బుస కూడా స్పష్టంగా తెలుస్తుంది. ఆ బుస అప్పటి రికార్డింగులోదే. ఎల్పీ మీద దానికి చిటపటలు తోడవుతాయి, అవి మాత్రం మా ఇంటివి. కాలవ గట్టున ఇల్లు కదా, వానాకాలంలో అట్ట కవరు మెత్తబడి అంచుల్లో తెల్లగా బూజు పడుతుంది. కరెంటు పోతే మూగ్ స్వరం కిందికి జారుతూ జారుతూ ఆగిపోతుంది. ఫోన్‌తో ఈ టెన్షన్ లేదు, ఖర్చూ తక్కువ.

అయినా నా ఓటు ఎల్పీకే. రాగం, తాళం చేతికందని ఈ శబ్దాలకు చెవి అలవాటు పడటానికే 10 నిమిషాలు పడుతుంది. ఫోన్‌లో అయితే ఆలోపే వేలు తర్వాతి ట్రాక్ మీదికి పోతుంది. ముల్లు పెట్టాక మాత్రం ఆ వైపు పూర్తయ్యేదాకా, సుమారు 20 నిమిషాలు, లేవబుద్ధి కాదు. మొన్న ముసురులో బయట కొబ్బరాకుల మీద వాన, లోపల ఒకటే స్వరం నెమ్మదిగా వెడల్పవుతూ వచ్చింది. రికార్డు తిప్పడానికి లేచేసరికి వాన ఎప్పుడో వెలిసింది.