వారానికోసారి రైతుబజారా, రోజూ ఇంటి ముందుకొచ్చే కూరగాయల బండా?

తిరుపతిలో నలుగురున్న ఇంట్లో కూరగాయల ఖర్చు తగ్గాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

ధర: రైతుబజార్లో ఆ రోజు రేట్లు బోర్డు మీద రాసి ఉంటాయి. 1999లో ఇవి మొదలైందే దళారీ లేకుండా రైతు నేరుగా అమ్ముకోవడానికి. బండి దగ్గర కిలోకు కాస్త ఎక్కువే. అయితే పావుకిలో బీన్స్ అడిగినా ఇస్తారు, కొసరుగా రెండు రెమ్మల కరివేపాకూ వేస్తారు.

శ్రమ: రైతుబజారుకు పొద్దున్నే వెళ్లాలి. రానూపోనూ ఆటో ఎక్కితే మిగిలిన డబ్బు అక్కడే పోతుంది. బండి గుమ్మం ముందుకే వస్తుంది.

వృథా: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. చవగ్గా ఉందని నాలుగు కట్టల తోటకూర తెచ్చి, రెండు వాడి, మిగతావి పసుపెక్కాక పారేస్తే అది చవక కాదు. మా ఇంట్లో వరుస ఇలా ఉంటుంది: మొదటి రెండు రోజులు ఆకుకూర పప్పు, తర్వాత బెండ, వంకాయ, చివరికి గుమ్మడి, చేమదుంప. ఆకుకూరను కడగకుండా వేర్లు కోసి, పొడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే ఇంకాస్త ఆగుతుంది. కూరగాయలన్నీ అయిపోయిన రోజుకు రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి ఉండనే ఉన్నాయి. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పిల్లలకు ఎంతో మంచిది.

ఫ్రిజ్, బైకు ఉండి నెలజీతం వచ్చే ఇంటికి రైతుబజారే లాభం. రోజుకూలీ మీద నడిచే ఇల్లు, ఇద్దరే ఉండే ఇల్లు, ఫ్రిజ్ లేని అద్దె గది అయితే బండే మేలు. మొదటి రెండు రోజులు దాటాక ఆకుకూర కావాలంటే మాత్రం ఎవరైనా ఏ రోజుకారోజు బండి దగ్గరే తీసుకోండి.