రక్షణ పోతుందా, పోదా? చిత్తూరు మాట, తిరుపతి మాట

ఒకసారి రక్షణ పొందిన విశ్వాసి దాన్ని మళ్ళీ పోగొట్టుకోగలడా? ఈ ప్రశ్నకు రెండు జవాబులు వినడానికి మనవాళ్ళు దూరం పోనక్కర్లేదు. చిత్తూరుకు, తిరుపతికి మధ్య సుమారు డెబ్బై కిలోమీటర్లు. ఈ రెండు ఊళ్ళకు సువార్త వచ్చిన దారులు మాత్రం వేరు.

అమెరికా రిఫార్మ్‌డ్ సంఘం అనే ప్రొటెస్టెంటు శాఖకు చెందిన స్కడర్ సోదరులు 1853లో ఆర్కాట్ మిషన్ స్థాపించారు. చిత్తూరు దాని తొలి కేంద్రాల్లో ఒకటి. ఆ సంఘానికి డచ్ మూలాలున్నాయి. 1618–19లో హాలండ్‌లోని డోర్ట్ నగరంలో జరిగిన మహాసభ తీర్మానాలు దాని విశ్వాస ప్రమాణాల్లో భాగం. తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట వైపు పనిచేసింది జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన లూథరన్లు, అంటే మార్టిన్ లూథర్ బోధను అనుసరించేవాళ్ళు. దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి తిరుపతే కేంద్రం. చిత్తూరు సంఘాలు తర్వాత 1947లో ఏర్పడిన సీఎస్ఐలో (దక్షిణ ఇండియా సంఘంలో) కలిశాయి. సీఎస్ఐ డోర్ట్ తీర్మానాలను ఎవరి మీదా పెట్టదు. అయినా నిజమైన విశ్వాసిని దేవుడు చివరిదాకా నిలబెడతాడన్న మాటకు అక్కడి మూలం ఆ తీర్మానాలే కాబట్టి, ఆ మాటను చిత్తూరు మాట అంటున్నాను. విశ్వాసి నిజంగానే పడిపోగలడు, పరిశుద్ధాత్మను పోగొట్టుకోగలడు, మళ్ళీ తిరిగి రాగలడు అనేది తిరుపతి మాట. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన పన్నెండో అంశం దీన్ని సూటిగానే చెబుతుంది.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలంటే దావీదు దగ్గరికి వెళ్ళాలి, ఎందుకంటే రెండు పక్షాలూ ఆయన్నే సాక్షిగా పిలిచాయి. బత్షెబ విషయంలో పాపం చేసి, ఊరియాను చంపించిన దావీదులో ఆ రోజుల్లో విశ్వాసం ఉందా? లేదన్నాడు లూథర్. బుద్ధిపూర్వకంగా అలాంటి పాపంలో పడినప్పుడు విశ్వాసమూ ఆత్మా వెళ్ళిపోయినట్టేనని 1537లో రాశాడు. డోర్ట్ సభ కూడా దావీదు పేరు, పేతురు పేరు చెప్పింది. అలాంటి పాపం దేవుణ్ణి ఎంతో దుఃఖపెడుతుంది, మనస్సాక్షిని గాయపరుస్తుంది, కృప ఉందన్న అనుభవమే కొంతకాలం పోవచ్చు అని ఒప్పుకుంది. అంతటి పతనంలోనూ దేవుడు తన ఆత్మను పూర్తిగా తీసివేయడు అని తీర్పు చెప్పింది.

ఇప్పుడు 51వ కీర్తన తెరవండి. పదకొండో వచనంలో దావీదు, నీ పరిశుద్ధాత్మను నా దగ్గరనుంచి తీసివేయవద్దని బతిమాలుతున్నాడు. పోయే ప్రమాదమే లేకపోతే ఆ ఏడుపు దేనికి? ఇది తిరుపతి వైపు బలం. వెంటనే పన్నెండో వచనంలో ఆయన తిరిగి అడిగేది రక్షణను కాదు, రక్షణానందాన్ని. ఇది చిత్తూరు వైపు బలం. పేతురు సంగతి చూస్తే చిత్తూరు వైపే ఇంకా మొగ్గుతుంది. నీ విశ్వాసం తప్పిపోకుండా నీకోసం వేడుకున్నానని ప్రభువు లూకా 22లో ముందే చెప్పాడు. పేతురు నోటితో ముమ్మారు కాదన్నాడు. ప్రభువు చేసిన ప్రార్థన వ్యర్థమైందని అనగలమా? నేననలేను.

మిగతా వాటి గురించి రెండు మాటలు చాలు. మరణకరమైన పాపంతో కృప పోతుందని, పాపసంకీర్తనంతో, అంటే గురువు ముందు పాపాలు ఒప్పుకోవడంతో, తిరిగి వస్తుందని 1547లో ట్రెంట్ సభలో కతోలిక సంఘం చెప్పింది. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ, ఆయన తర్వాత చాలామంది పెంతెకొస్తువారు కూడా పోగలదనే అంటారు. ఇక సభలో చెయ్యెత్తి ప్రార్థన చేస్తే చాలు, తర్వాత ఎలా బతికినా పరలోకం ఖాయం అనే బోధ ఒకటుంది. ఇది చిత్తూరు మాట అనుకుంటారు కొందరు. కానే కాదు. డోర్ట్ సభ చెప్పింది దేవుడు నిలబెడతాడు కాబట్టి విశ్వాసి నిలబడతాడని, నిలబడకపోయినా పర్వాలేదని కాదు. ఈ మూడో బోధను నేను తూకంలోకే తీసుకోను. దానివల్ల ఆత్మలకు నష్టం.

బెంగళూరుకు ఉద్యోగానికి వెళ్ళి, చర్చి మానేసి, ఇప్పుడు దేవుడే లేడంటున్న కొడుకు గురించి ఒక తల్లి, "వాడి రక్షణ పోయినట్టేనా అయ్యగారూ?" అని అడిగిందనుకోండి. చిత్తూరు పద్ధతిలో రెండు జవాబులే వస్తాయి: వాడు తిరిగి వస్తాడు, లేదా వాడికి మొదటినుంచీ నిజమైన విశ్వాసం లేదు. మనలోనుంచి వెళ్ళిపోయినవాళ్ళు మనవాళ్ళే కాదనే 1 యోహాను 2:19 దీనికి ఆధారం. కానీ సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టి, కన్నీళ్ళతో ప్రార్థన చేసిన పిల్లవాడిది నకిలీ విశ్వాసం అంటే ఆ తల్లి వెంటనే తనవైపు చూసుకుంటుంది. వాడిది నకిలీ అయితే నాది అసలని ఎలా తెలుసు? తిరుపతి పద్ధతిలో, అమ్మా, వాడు పొందింది నిజమే, ఇప్పుడున్న ప్రమాదమూ నిజమే, వాడి బాప్తిస్మంలో దేవుడిచ్చిన మాట ఇంకా ఉంది, వాణ్ణి పిలుస్తూనే ఉండు అని చెప్పవచ్చు. ఇక్కడ ఎవరి గతాన్నీ అబద్ధం చెయ్యనక్కర్లేదు.

నేను తిరుపతి మాటనే మేలంటాను. కారణం గలతీ పత్రిక ఐదో అధ్యాయం. నాలుగో వచనంలో పౌలు, మీరు కృపలోనుంచి తొలగిపోయారని గలతీ సంఘాలవాళ్ళతో ముఖం మీదే అంటాడు. పదో వచనంలో వాళ్ళతోనే, మీ గురించి ప్రభువునందు నాకు నమ్మకం ఉందంటాడు. హెబ్రీ ఆరో అధ్యాయం కూడా అంతే, భయంకరమైన హెచ్చరిక అయిన వెంటనే, ప్రియులారా, మీ విషయంలో ఇంతకంటే మంచిదే నమ్ముతున్నాం అంటుంది. హెచ్చరికను హెచ్చరికగా, వాగ్దానాన్ని వాగ్దానంగా ఉంచి, ఒకదానితో ఇంకోదాని పదును తగ్గించకుండా బోధించడం లూథరన్లు చేసిన మంచిపని. దీనికీ ఒక ఖర్చుంది. దేవుడే కాపాడేవాడైతే ఒకడు ఎందుకు జారిపోయాడన్న ప్రశ్నకు ఇందులో జవాబు పూర్తి కాదు. ఆ విషయంలో డోర్ట్ తర్కం గట్టిది.

ఒక్క చోట మాత్రం నేను నా మాట పక్కన పెట్టి చిత్తూరు మాటే చెబుతాను. రోజూ తన విశ్వాసాన్ని కొలుచుకుంటూ, నిన్న ఉంది, ఇవాళ పోయిందేమో అని టెన్షన్ పడే మనిషికి హెబ్రీ ఆరు చదివి వినిపించకూడదు. మారుమనస్సే వద్దని క్రీస్తును తొక్కివెళ్ళేవాళ్ళ గురించి రాసింది అది, తిరిగి రావాలని ఏడ్చేవాళ్ళ గురించి కాదు. ఆ మనిషికి యోహాను 10:28 చదవాలి. నా చేతిలోనుంచి ఎవడూ వాటిని అపహరించడని కాపరే అన్న వచనం అది.