మహీంద్రా థార్ జీపు ఎత్తు పెంచాలంటే: స్పేసర్లా, కొత్త స్ప్రింగులా?

ఖర్చు: స్పేసర్లకు తక్కువే. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు కలిపి మారిస్తే దానికి ఎన్నో రెట్లు.

పని: స్పేసర్ అంటే పాత స్ప్రింగు మీద కూర్చునే దిమ్మ. స్ప్రింగులు మార్చాలంటే పాత స్ప్రింగులు, షాక్‌లు అన్నీ విప్పాలి.

నడక: అసలు తేడా ఇక్కడే. స్పేసర్ బాడీని లేపుతుంది గానీ షాక్ సాగే పొడవు పెంచదు. గుంతలో చక్రం దిగే చోటు తగ్గి, షాక్ చివరిదాకా సాగి కొట్టుకుంటుంది. ఎత్తుకు తగ్గ పొడవాటి షాక్‌లు వేస్తే చక్రం నేలను అంత తేలిగ్గా వదలదు.

రిస్కు: వీల్ అలైన్‌మెంట్ రెండింటికీ తప్పదు. వెనక డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో కిందికి ఉబ్బి ఉండే గేర్ల డబ్బా) మాత్రం దేనితోనూ లేవదు, పెద్ద టైర్లు వేస్తేనే లేస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులను కట్టడి చేస్తుంది కాబట్టి ముందే ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడగండి.

ఊళ్లో స్పీడ్ బ్రేకర్ల కోసమే అయితే స్పేసర్లు చాలు. లగేజీతో రాళ్లబాటలు తొక్కేవాళ్లు డబ్బు కూడేదాకా ఆగైనా సరే, స్ప్రింగులు, షాక్‌లే మార్పించుకోండి.