ఎల్ట్స్ కోటకు రోజంతా ఇవ్వండి, కోఖెమ్‌కు ఒక పూట చాలు

తిరుపతిలో టూరిస్టు కార్లు తిప్పేవాణ్ణి నేను. కాణిపాకం, శ్రీకాళహస్తి, తలకోన, చంద్రగిరి... ఏ చోటికి ఎన్నింటికి బయల్దేరాలి, బండి ఎక్కడ పెట్టాలి, ఆడవాళ్లకు బాత్రూము ఎక్కడుంది, ముసలాళ్లు ఎంత దూరం నడవాలి, నా కళ్లు ముందు ఇవే వెతుకుతాయి. కొడుకు కోబ్లెంజ్‌లో చదువుతున్నాడని 2025 వేసవిలో నేనూ మా ఆమే జర్మనీ పోతే అక్కడా అదే బుద్ధి. మేం తిరిగొచ్చాక, పిల్లల దగ్గరికి పోయే మన ఊరోళ్లు నన్ను అడుగుతున్నారు, మోజెల్ నది లోయలో ఏ కోట చూడాలి అని. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే ఓపిక లేక రాస్తున్నా.

మార్కులు ముందే వేసేస్తా. ఎల్ట్స్ కోటకు ఐదుకు నాలుగున్నర. కోఖెమ్ కోటకు మూడు, కానీ కోఖెమ్ ఊరికి నాలుగు.

మోజెల్ వచ్చి రైన్ నదిలో కలిసేది కోబ్లెంజ్‌లోనే. అక్కడి నుంచి ట్రియర్ వైపు పోయే ప్యాసింజరు రైలు ఎక్కి ఎడమ పక్క కిటికీ పట్టుకోండి. కోఖెమ్ దాకా నది ఆ పక్కనే ఉంటుంది. గుట్టల మీద నిట్టనిలువుగా ద్రాక్ష తోటలు. మనిషి నిలబడటానికే కష్టమైన చోట వరసలు వరసలుగా నాటేశారు. నేలంతా నల్ల పలకరాయి. పగలు ఎండ తాగి రాత్రి ఆ వేడిని తీగలకు ఇస్తుందంట. ఇంత చలి దేశంలో ద్రాక్ష పండటానికి అదొక కారణం.

టికెట్ సంగతి. నెలంతా ఉండేవాళ్లయితే డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకోండి. మేం పోయినప్పుడు నెలకు 58 యూరోలు. దేశమంతా మామూలు రైళ్లు, సిటీ బస్సులు, ట్రాములు అన్నింటికీ అదే చెల్లుతుంది. ICE, IC లాంటి దూరప్రయాణం ఎక్స్‌ప్రెస్ రైళ్లకు చెల్లదు. ఒక మెలిక ఉంది: అది చందా. పదో తేదీలోపల వద్దని చెప్పకపోతే వచ్చే నెల డబ్బు కూడా కోసేస్తారు. మీరు తిరుపతిలో ఇడ్లీ తింటుంటారు, అక్కడ పిల్లవాడి అకౌంటులో డబ్బు పోతుంటుంది.

ఎల్ట్స్‌కు మోజెల్‌కెర్న్ అనే చిన్న స్టేషన్‌లో దిగాలి. అక్కడి నుంచి నడక, ఐదు కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఊరు దాటి, పాత మర ఒకటి దాటినాక తారురోడ్డు అయిపోయి అడవి బాట మొదలవుతుంది, పక్కనే ఎల్ట్స్ వాగు. మా ఆమెకు మోకాళ్ల నొప్పులు. "అమ్మా, నువ్వు నడవలేవు, బస్సులో పోదాం" అన్నాడు కొడుకు. "మోకాళ్ల పర్వతం ఎక్కినదాన్నిరా, ఈ వాగు గట్టు నాకో లెక్కా" అని మా ఇద్దరి కంటే ముందే పోయింది. చివర్లో ఎక్కుడు ఉంది కానీ అలిపిరి మెట్లు ఎక్కే అలవాటున్న కాళ్లకు అది పెద్ద పనేం కాదు. అసలు నడవలేనివాళ్లు కారులో వస్తే పైన పార్కింగ్ దాకా రావచ్చు. అక్కడి నుంచి కోట వాకిలి దాకా చిన్న బస్సు తిప్పుతారు, దానికి వేరే డబ్బు, జేబులో చిల్లర పెట్టుకోండి.

నా మాట వింటే నడిచే పోండి. ఈ కోట కొండ నెత్తిన లేదు. చుట్టూ అడవి గుట్టలు, మధ్యలో పళ్లెంలో పెట్టినట్టు ఒక బండరాయి, మూడు పక్కలా వాగు, ఆ బండ మీద కోట. అందుకే దూరం నుంచి కనపడదు. ఆఖరి మలుపు తిరగ్గానే ఒక్కసారి మొత్తం ఎదురుగా నిలబడుతుంది, బురుజులు, కోసుగా లేచిన పైకప్పులు, కర్ర దూలాలు బయటికి కనిపించే మేడలు. ఎత్తుకు ఎత్తు, ఇరుకుకు ఇరుకు. బస్సులో వచ్చినవాళ్లకు ఈ మలుపు దక్కదు.

ఇంత ఇరుకుగా ఎందుకు కట్టారంటే, అది ఒక్క రాజు కోట కాదు. ఒకే వంశంలోని మూడు శాఖలు, కెంపెనిఖ్, ర్యూబెనాఖ్, రోడెన్‌డోర్ఫ్ అని, ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకుని వాకిలి, ముంగిలి ఉమ్మడిగా వాడుకున్నారు. అన్నదమ్ముల పంపకం అన్నమాట. స్థలం పెరగదు కాబట్టి పైకి పైకి కట్టుకుంటూ పోయారు. 1157లో ఈ వంశం మనిషి ఒకడు చక్రవర్తి దానపత్రం మీద సాక్షిగా ఉన్నాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా కోట ఆ ఇంటివాళ్లదే, ముప్పై మూడు తరాలు దాటాయి. మన దగ్గర మూడు తరాలకే ఇంటి గోడ మీద కోర్టు నోటీసు అంటిస్తారు.

టూరు ముప్పావు గంట లోపే. గుంపులు గుంపులుగా గైడు తీసుకుపోతుంది. ఇంగ్లీషు గుంపు ఎప్పుడు పోతుందో టికెట్ దగ్గరే అడగండి, లేకపోతే జర్మన్‌లో తల ఊపుతూ నిలబడాలి. లోపల ఫోటోలు తీయనివ్వరు. మాతో వచ్చిన కొందరు సణిగారు. ఫోన్లు కౌంటర్లో అప్పజెప్పి దర్శనానికి పోయే ఊరోళ్లం, మాకేం కొత్త కాదు.

చూపించేది కొన్ని గదులే. ఇన్ని గదుల కోటలో ఇంతేనా అనిపిస్తుంది, అర మార్కు అక్కడే తీసేశా. కానీ చూపించిన ప్రతి గదిలో మనుషులు ఎట్లా బతికారో చెబుతారు. పడకగదిలో గోడలంతా పువ్వులు, తీగలు చిత్రించి ఉన్నాయి, పదిహేనో శతాబ్దం నాటివి. మంచం చుట్టూ తెరలు, చలికి. ఆ గదికి ఆనుకునే గోడలో చిన్న అర. అది మరుగుదొడ్డి! ఈ కోటలో అలాంటివి ఇరవై దాకా ఉన్నాయని, వాన నీళ్లతో కడిగే ఏర్పాటు ఉండేదని గైడు చెప్పింది. వాన పడని వారం సంగతి ఎవరో అడిగితే ముక్కు పట్టుకుని చూపించింది. నలుగురు ఆడవాళ్లను బండిలో ఎక్కించుకుని దారిలో బాత్రూము వెతికే బాధ తెలిసినవాణ్ణి, నాకైతే ఆ అర ముందు నుంచి కదలాలనిపించలేదు. ఇరవై!

తర్వాత పెద్ద హాలు. మూడు కుటుంబాలూ కూర్చుని మాట్లాడుకునేది అక్కడే. గోడ మీద విదూషకుల ముఖాలు చెక్కి పెట్టారు, లోపల ఎవరేం మాట్లాడినా తప్పు లేదని గుర్తు. బయటికి పోయే తలుపు మీద గులాబీ పువ్వు ఉంది. ఇక్కడ విన్నది ఇక్కడే వదిలిపెట్టమని. మా ఆమె ఆ పువ్వును చూసి, "మీ అన్నదమ్ములు కూర్చునే గదిలో ఒకటి పెట్టించాలి" అంది. కొడుకు నవ్వాడు, నేను నవ్వలేదు.

వంటిల్లు కూడా వదలకండి. రొట్టెల పొయ్యి, పిండి పోసుకునే పెద్ద పెట్టె, మసి పట్టిన పొగగూడు. ఆయుధాలు, వెండి బంగారు సామాను పెట్టిన ఖజానా గదులు అదే టికెట్ మీద మనంతట మనం చూసుకోవచ్చు. కత్తులంటే ఇష్టమున్న పిల్లలుంటే తీసుకుపోండి, మేం త్వరగా బయటికొచ్చేశాం.

ఎదురు గుట్ట మీద చెట్లలో చిన్న శిథిలం కనిపిస్తుంది, చాలామంది పట్టించుకోరు. 1331లో ట్రియర్ ప్రాంతాన్ని ఏలే మతపెద్ద, ఆర్చిబిషప్ బాల్డుయిన్‌కూ వీళ్లకూ గొడవొచ్చింది. ఎల్ట్స్‌ను లొంగదీయడానికి ఆయన దాని నెత్తినే ఇంకో కోట కట్టించి రాళ్లు విసిరించాడు. కొన్నేళ్లకు ఎల్ట్స్ వాళ్లు దిగొచ్చి రాజీ పడ్డారు, కోట మాత్రం నిలిచింది. 1689లో ఫ్రెంచి సైన్యం ఈ చుట్టుపక్కల కోటలన్నీ పేల్చుకుంటూ వచ్చినప్పుడూ ఎల్ట్స్ మిగిలింది. ఈ వంశంవాడే ఒకడు ఫ్రెంచి సైన్యంలో ఆఫీసరు, పడగొట్టే జాబితాలోంచి పేరు తీయించాడు. ఎక్కడైనా మనవాడు ఒకడుండాలి సామీ.

అదే 1689లో కోఖెమ్ కోట పేలిపోయింది. రెండు వందల ఏళ్ల దగ్గర దగ్గర మొండిగోడలుగా పడి ఉంటే, 1868లో లూయి రావెనె అనే బెర్లిన్ వ్యాపారి కొని వేసవి విడిదిగా మళ్లీ కట్టించుకున్నాడు. ఇప్పుడు మనం చూసే బురుజులు ఎక్కువగా ఆయన ముచ్చట. నది ఒడ్డు నుంచి తల ఎత్తి చూస్తే అద్భుతం. లోపలికి పోతే చెక్కపని, బొమ్మలు, కుర్చీలు అన్నీ బాగున్నాయి, కానీ ఎల్ట్స్ చూసొచ్చిన కంటికి షావుకారు బంగళా చూసినట్టే ఉంది. రెండిట్లో ఒకదానికే డబ్బు పెట్టేట్టయితే కోఖెమ్‌ను కింద నుంచే చూసి, ఆ డబ్బుతో కుర్చీల రోప్‌వే ఎక్కండి. పైన శిలువ దగ్గర దిగితే నది వంపు, కోట, ఊరు మూడూ ఒకే చూపులో దొరుకుతాయి. కుర్చీకి ముందు ఒక కడ్డీ తప్ప ఏమీ ఉండదు, కాళ్లు గాల్లో వేలాడతాయి. భయమున్నవాళ్లు ముందే ఆలోచించుకోండి.

కోఖెమ్‌లో పాత ఆవాల మర ఉంది, రెండు వందల ఏళ్ల నాటి రాతి తిరగలి. ఆవాలు నూరి, వెనిగర్, వైన్ కలిపి ముద్ద చేసి జాడీల్లో అమ్ముతారు. మా ఆమె వేలితో రుచి చూసి, "ఘాటు లేదు" అని తేల్చేసి, మళ్లీ తనే రెండు జాడీలు కొంది. చపాతీకి పూసుకుంటే బాగానే ఉంది.

తిండి సంగతి శాకాహారులకు చెప్పాలి. ఎల్ట్స్ కోటలోనే తినుబండారాల కౌంటర్లు ఉన్నాయి, కానీ మనకు దొరికేది ఫ్రెంచ్ ఫ్రైస్, కేకు. మేం పులిహోర కట్టుకుపోయి వాగు పక్క బల్ల మీద తిన్నాం. కోఖెమ్‌లో నది ఒడ్డున ఒక హోటల్లో కూర్చుంటే నీళ్ల సీసాకు కాఫీ కంటే ఎక్కువ వేశారు. కుళాయి నీళ్లు అడిగితే వెయిటరు వినిపించుకోనట్టు పోయాడు. ఇంటి నుంచే సీసాలు నింపుకోండి, అక్కడ కుళాయి నీళ్లు తాగొచ్చు.

మన చంద్రగిరి గుర్తు రాకుండా ఎట్లా ఉంటుంది? నేను తీసుకుపోయే యాత్రికుల్లో సగం మంది రాజమహల్ ముందు ఫోటో దిగి బండెక్కేస్తారు. మొన్న హైదరాబాద్ కుటుంబం ఒకటి వస్తే, వాళ్లను నేనే దగ్గరుండి పై అంతస్తు దాకా తిప్పి, ఇంత కట్టడంలో ఎక్కడా కర్ర వాడలేదని, ఇటుక, రాయి, సున్నమేనని చూపించాను. "రాణులు స్నానం ఎక్కడ చేసేవాళ్లు అంకుల్?" అని వాళ్ల పాప అడిగింది. నా దగ్గర జవాబు లేదు. శుక్రవారం మ్యూజియం సెలవని మాత్రం చెప్పాను.

కారు ఉన్నవాళ్లు ఇంకో పూట మోర్స్‌డోర్ఫ్ దగ్గర గైయర్‌లై వేలాడే వంతెనకు పోవచ్చు. 2015లో కట్టారు, 360 మీటర్ల పొడవు, కింద వంద మీటర్ల లోతు, నడవడానికి డబ్బు అడగరు, పార్కింగ్‌కు అడుగుతారు. గాలికి ఊగుతుంది. మా ఆమె సగం దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

చివరిగా, చలికాలంలో విమానం టికెట్ బుక్ చేసుకున్నవాళ్లు ఎల్ట్స్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఏప్రిల్ నుంచి నవంబర్ మొదటి తేదీ దాకానే లోపలికి పంపిస్తారు. వేసవిలో పోయినా శని, ఆదివారాలు వదిలేసి, పొద్దున తలుపు తీసే సమయానికి వాకిట్లో ఉండేలా మోజెల్‌కెర్న్‌లో దిగండి.